పులి లేని సాక్ష్యం

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి, అక్కడి నుంచి అడవి బాటన పావన నరసింహుడి గుడికి జీపు తోలే మోషేకు పులి ఎదురుకాని రోజంటూ లేదు. పులికి మాత్రం మోషే ఒక్కసారి కూడా ఎదురుకాలేదు.

జీపు నిండా భక్తులు ఎక్కారంటే చాలు, గేరు మార్చినంత సులువుగా కథలోకి మారేవాడు. ఒక ట్రిప్పులో పులి బాట పక్కన పడుకుని ఆవులించేది. ఇంకో ట్రిప్పులో హారన్ కొట్టగానే లేచి పక్కకు తప్పుకునేది. శనివారం రద్దీలోనైతే జీపుకు ముందు నడుస్తూ గుడి దాకా దారి చూపించేది. ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడ ఆ కథ విని, కళ్లనీళ్లు పెట్టుకుని, తన దద్దోజనం డబ్బా మొత్తం మోషే చేతిలో పెట్టింది. డబ్బా ఖాళీ చేస్తూ మోషే కూడా ఆ పులిని సగం నమ్మాడు.

వారమంతా అట్లా నరసింహుడి భక్తులకు పులిని చూపించి, ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచేవాడు. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలును నిలబడి నలుగురికీ చెప్పడమే సాక్ష్యం. మిగతావాళ్లు జ్వరం తగ్గిందనో, బర్రె ఈనిందనో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. మోషే లేస్తే మాత్రం పాస్టరు జాషువా చేతి గడియారం విప్పి బల్ల మీద తన ఎదురుగా పెట్టుకునేవాడు. పోయిన వారం మూరెడున్న పాము ఈ వారం జీపంత పొడవు అయ్యేది. సంఘమంతా నవ్వును కొంగుల్లో, బైబిళ్ల వెనక దాచుకుని వినేది. నమ్మేవాళ్లెవరూ లేరు. అయినా మోషే లేవని ఆదివారం ఆరాధన ఉప్పు లేని సంగటిలా ఉంటుందని ముసలి ఏసమ్మ అనేది.

అందరూ నవ్వి ఊరుకునేవాళ్లే గానీ, పీరా ఒక్కడు ఊరుకునేవాడు కాదు. పీరా దూదేకులాయన. మోషేతో ఆళ్లగడ్డ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాడు. ఇప్పుడు నంద్యాలలో పరుపుల కొట్టు పెట్టుకున్నాడు. దూదిలో గింజ ఏరినట్టు మోషే కథలో అబద్ధం ఏరేవాడు.

"పులి ఏ పక్క చూస్తాండె?"

"అడివి పక్క."

"మరి కండ్లు మెరిసినాయంటివే? నీకు కనపడింది తోక కదరా!"

"తిరిగి చూసిందిలేప్పా."

"ఎందుకు, నిన్ను టిక్కెట్టు అడగనీకా?"

ఇట్లా సాగేది. పీరా ప్రశ్నలు వేయకపోతే మోషేకు కథ చెప్పినట్టే ఉండేది కాదు.

ఒకరోజు మోషేను ఎవరో అడగకుండానే ఫోనులో ఒక గ్రూపులో చేర్చారు. పేరు 'శుభోదయ ట్రేడింగ్ కుటుంబం'. అక్కడ క్రిప్టో కొంటారు, అమ్ముతారు. చేతికి తగలని నాణెం, ఫోనులోనే పుట్టి ఫోనులోనే పెరుగుతుంది. అది మోషేకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని అతను ఆరాటపడనూ లేదు. అతనికి అర్థమైంది వేరే.

తెల్లవారగానే సుజాత మేడమ్ అనే ఆవిడ అందరికీ శుభోదయం చెప్పేది. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు, "మేడమ్ గారి దయ వల్ల నాకు ఇంత లాభం వచ్చింది" అంటూ బ్యాంకు మెసేజీల ఫోటోలు పెట్టేవారు. మోషే కళ్లకు అది అచ్చంగా సాక్ష్యాల కూటం. సాక్ష్యం చెప్పేవాడు పాముకు కాస్త పొడవు కలుపుతాడేమో గానీ, అసలు పామే లేకుండా లేచి నిలబడడు. మోషే చేసిన తప్పు ఇదే. ఎంత పెద్ద అబద్ధానికైనా అడుగున ఒక నిజం ఉంటుందని అతని నమ్మకం. తన పులికి అడుగున ఒక అడవిపిల్లి ఉంది మరి.

కొంచెం డబ్బు వేసి చూశాడు. వారం తిరక్కుండానే లాభంతో సహా బ్యాంకులో పడింది. ఇక మోషే ఆగుతాడా? గ్రూపులో తన సాక్ష్యం రాశాడు. లాభం సంగతి ఒక ముక్క, పులి సంగతి పది ముక్కలు. గ్రూపులో రెండు వందల మంది. "అద్భుతం మోషే గారూ!" "మీరు ధైర్యవంతులు మోషే గారూ!" అని పొగడ్తలు వానలా కురిశాయి. పెళ్లి పత్రికలో తప్ప తన పేరు వెనక గారు తగిలించినవాళ్లు లేరు. మోషే ఆ మెసేజీలను జీపు నీడలో కూర్చుని మళ్లీ మళ్లీ చదువుకున్నాడు.

అంగన్‌వాడీకి బయలుదేరుతున్న భార్య ప్రేమకుమారి అది చూసింది.

"ఎవురబ్బా ఆ సుజాత? పొద్దన్నే నాకంటే ముందు ఆయమ్మ శుభోదయమేంది నీకు?"

"మేడమే! అందరికీ చెప్తాది."

"నీ మొగం చూస్తే నీ ఒక్కనికే చెప్పినట్టుండాది. ఆ జీపు క్లచ్చి చూపియ్ ముందు. మూలగతాండాది."

క్లచ్చి మార్చడానికని దాచిన డబ్బును మోషే ఆ మధ్యాహ్నమే మేడమ్ చెప్పిన యాప్‌లో వేశాడు. యాప్‌లో అంకె పూరీలా పొంగింది. మొదటి లాభం చేతిలో ఉందిగా, ఆ ఉత్సాహంలో నంద్యాల వెళ్లి పీరాకు బిర్యానీ తినిపించాడు. బ్యాంకు మెసేజీ చూపించి, ప్రశ్నల కోసం ఎదురు చూశాడు. పీరా కళ్లద్దాలు సర్దుకుని మెసేజీ చదివాడు. ఎముక పక్కన పెట్టి చేయి తుడుచుకున్నాడు.

"రేయ్, బడిలో నుంచి నీ మాట ఒగటన్నా నమ్మిండ్ల్యా నేను. ఇది నమ్ముతాండా."

యాప్‌లో అంకె ఎంత పొంగినా కలగని సంతోషం మోషేకు ఆ ఒక్క మాటతో కలిగింది.

"నా మిషను ముసల్ది అయిపాయ," అన్నాడు పీరా. "కొత్తదానికని దుడ్లు పెట్టినా. శుక్రవారం నమాజు అయినాక దీంట్లో ఏస్తా. నీ మేడమ్ నంబరు ఇయ్."

మోషే గర్వంగా ఇచ్చాడు.

గురువారం అహోబిలం దారిలో జీపు క్లచ్చి పోయింది. భక్తులు దిగి గోవిందలు కొడుతూ తోశారు. ఆ రోజు ఏ పులీ దారి చూపించలేదు. జీపును ఎట్లాగో ఇంటి ముందుకు చేర్చి, మోషే యాప్‌లోని డబ్బు వెనక్కి అడిగాడు. ముందు పన్ను కట్టండి, అప్పుడే డబ్బు వస్తుందని మేడమ్ జవాబు. నా డబ్బులోనే పట్టుకోండి మేడమ్ అన్నాడు. రూలు ఒప్పదట. అప్పుడు గ్రూపులో రాశాడు: "నా దుడ్లు రాల్యా. మీలో ఎవురికన్నా ఇట్ల అయిందా?"

రెప్ప వేసే లోపల అతన్ని కుటుంబంలోంచి తీసేశారు.

మోషే జీపు బంపరు మీద కూలబడ్డాడు. ప్రేమకుమారి నీళ్ల చెంబుతో వచ్చి నిలబడింది.

"రెండు నూర్ల మందికి పులి కథ చెప్పినా," అన్నాడు నెమ్మదిగా. "ఒక్కడన్నా, పులి ఏ పక్క చూస్తాండెనని అడగల్యా. మనుషులైతే అడగరా?"

"ఆళ్లు మనుషులు కాదు, ఒకే దొంగ రెండు నూర్ల మొగాలు పెట్టుకోనుంటాడు," అంది ప్రేమకుమారి. తిట్టడానికని వచ్చిన మనిషి, అతని ముఖం చూసి చెంబు అందించింది. "పోతే పాయ. మొదుట పీరన్నకు చెప్పు."

ఆ రాత్రి పీరా ఫోను మోగింది గానీ తీయలేదు. పొద్దున కూడా అంతే. దూది మిషను ఆడుతుంటే పీరా చెవుల్లో దూది కుక్కుకుంటాడని, అప్పుడు అంగట్లో బాంబు పడినా వినపడదని మోషేకు తెలుసు. నమాజు అయినాక డబ్బు వేస్తానన్న పీరా మాట బాకీలాగా మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. జీపు కదలదు. ఆ శుక్రవారం పొద్దున్నే నంద్యాల పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కాడు. చెయ్యెత్తిన చోటల్లా ఆగింది. శిరివెళ్ల దగ్గర మొక్కజొన్న ట్రాక్టరు వెనక నత్తలా నడిచింది. మోషే నిలబడే ప్రార్థన చేశాడు. అందులో ఒక్క పులి కూడా రాలేదు.

కొట్టు దగ్గరికి పరుగెత్తేసరికి పీరా తలమీద టోపీ అట్లాగే ఉంది. అప్పుడే మసీదు నుంచి వచ్చి, మిషను వేసి, దాని పక్కన నిలబడి, ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని వేలితో వెతుకుతున్నాడు.

"నొక్కద్దు రేయ్! దొంగలప్పా వాళ్లు!"

పీరా చెవిలో దూది తీశాడు. "ఏందీ?"

"దుడ్లన్నీ పాయ. మేడమూ లేదు, కుటుంబమూ లేదు. ఎయ్యద్దు."

పీరా అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "మొన్న బిర్యానీ పెట్టి బంగారమంటివి. ఈ పొద్దు దొంగలంటావు. లాభమంతా నువ్వొక్కడే తినాలనా?"

ఈ మాట పోయిన డబ్బుకంటే ఎక్కువ నొప్పించింది. జీవితంలో మొదటిసారి మోషేకు చెప్పడానికి కథ లేదు.

"ఎట్ల పోయింది?" పీరా అడిగాడు.

"పన్ను కట్టమనె. కట్టల్యా. తీసేసె."

"నువ్వు ఏమంటివి?"

"ఇంగేమంటా? బంపరు మీద కూచోని ఏడ్చినా."

"ఆ మేడమ్‌ను కనుక్కోని, నాలుగు పీకి రాల్యా నువ్వు?"

"ల్యా."

"పోలీసోళ్లు నీకు దండం పెట్టల్యా?"

"ల్యాప్పా."

"పులి?"

మోషే తల అడ్డంగా ఊపాడు.

పీరా మిషను స్విచ్చి ఆపేశాడు. అంగడంతా నిశ్శబ్దమైంది. గాలిలో ఎగిరిన దూది మెల్లగా ఇద్దరి మీదా దిగింది.

"నీ కథల్లో నువ్వు ఎప్పుడూ ఓడిపోవు," అన్నాడు పీరా. "దీంట్లో ఓడిపోయినావు. అంటే నిజమే."

ఫోను జేబులో వేసుకుని, మోషే భుజం మీది దూది దులిపి, లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. ఇద్దరూ కలిసి సైబర్ మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేశారు. యాప్ పేరూ, బ్యాంకు మెసేజీలూ చెప్పారు. చివరన అవతలివాళ్లు, కొంత డబ్బు ఏదో ఖాతాలో ఆపించామని, అది రావచ్చు, రాకపోవచ్చునని అన్నారు. జీపుకు క్లచ్చి రాలేదు గానీ, సీట్లకు పీరా కొత్త దూది పరుపులు కుట్టి పంపాడు.

ఆ ఆదివారం చర్చిలో మోషే లేచాడు. తలుపు దగ్గర చివరి బెంచీ మీద పీరా కూర్చుని ఉన్నాడు. మోషే పిలిచాడు, అందుకే వచ్చాడు. జాషువా పాస్టరు అలవాటుగా గడియారం విప్పాడు. కానీ సాక్ష్యం పొట్టిగా, సూటిగా సాగింది. మేడమ్, శుభోదయం, పొంగిన అంకె, పోయిన డబ్బు. ఎవరూ నవ్వలేదు. ముసలి ఏసమ్మ చీర మడతలోంచి ఫోను తీసి, కళ్లకు దూరంగా పట్టుకుంది.

"ఈయమ్మేనా మోషే? నాకూ శుభోదయం చెప్తాంది."

ఇద్దరు ముగ్గురు తమ ఫోన్లు తీశారు. మోషే దిగివచ్చి ఏసమ్మ ఫోనులోంచి సుజాత మేడమ్‌ను తన చేత్తో తీసేశాడు. మళ్లీ వెళ్లి నిలబడేసరికి చర్చి అంతా నిశ్శబ్దంగా తనవైపే చూస్తోంది. అంత నిశ్శబ్దాన్ని మోషే ఎన్నడూ మోయలేదు.

"అప్పుడు," అన్నాడు గొంతు సవరించుకుని, "పీరాను కాపాడాలని జీపు తీసినా. చక్రాలు నేలకు తగల్లే—"

"రేయ్ మోషే!" వెనక నుంచి పీరా అరిచాడు. "నువ్వొచ్చింది పల్లెవెలుగులో!"

చర్చి గొల్లుమంది. ప్రేమకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోషే ముఖం వెలిగిపోయింది.

"బస్సే," ఒప్పుకున్నాడు. "అయితే శిరివెళ్ల దగ్గర ఆ బస్సుకు అడ్డంగా ఒక పులి..."

"ఏ పక్క చూస్తాండె?" అన్నాడు పీరా.