బెర్తింగ్ మార్చిన మదర్‌బోర్డు

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో, కొలోన్ వీధి పాత మాల్‌లో బెర్తింగ్‌ది కంప్యూటర్ల రిపేరు కొట్టు. తుఫాను వెలిశాక, కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో, నాంగ్ పాసింగ్ ఒక కంప్యూటర్ పెట్టెను ట్రైసికిల్‌లో వేసుకుని వచ్చింది. వెనకే ఆమె భర్త నోంగ్ టిక్యో, మెడకు గుడ్డ కట్టుకుని. పెద్ద వయసు ఆడవాళ్లను నాంగ్ అని, మగవాళ్లను నోంగ్ అని అక్కడ పిలుస్తారు.

రేడియో నాటకాల్లో ఏళ్ల తరబడి దుర్మార్గుడి వేషాలన్నీ టిక్యోవే. బజారులో ఆడవాళ్లు నిజంగానే ఆయనకు చేపలు అమ్మేవాళ్లు కాదట. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. రేడియో స్టేషన్ వాళ్లు పాత టేపుల మీదే కొత్తవి రికార్డు చేసుకున్నారు. మిగిలిన నాటకాలను ఆయనే తెచ్చి ఈ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు; ఇంకెక్కడా నకలు లేదు.

"ఇంట్లో నన్ను తిట్టడానికి నోరు లేదు గానీ, పెట్టెలో మాత్రం రోజూ ఎవర్నో ఒకర్ని చంపుతూనే ఉంటాడు," అంది పాసింగ్. టిక్యో భుజాలు కదిలాయి. నవ్వాడు, చప్పుడు లేకుండా.

బెర్తింగ్ మూత తీసి చూశాడు. మదర్‌బోర్డు కాలిపోయింది. పేరున్న కంపెనీ చేసిన పెట్టె కనుక బజారులో దొరికే బోర్డులు దానికి సరిపడవు. మరలు పట్టే చోటు వేరు, కరెంటు ప్లగ్గు వేరు. అదే మోడల్ బోర్డు మనీలా నుంచి తెప్పించాలి.

"నాటకాలకేం కాదుగా, బెర్తింగ్?"

"అవి డిస్కులో ఉంటాయి నాంగ్. బోర్డు పోతే డిస్కుకేమవుతుంది? నిశ్చింతగా ఉండండి."

బోర్డు రాగానే బిగించాడు. పాతదాన్ని అలవాటు ప్రకారం చెత్త బోర్డుల సంచిలో వేసి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. తెర మీద నీలం రంగులో ఒక ప్రశ్న: డిస్కు తెరవడానికి తాళం నంబరు ఇవ్వండి.

బెర్తింగ్ పెట్టెను తిప్పి, వెనక అంటించి ఉన్న పాత చీటీ చదివాడు. ఆ పెట్టె ఒకప్పుడు ఏదో ఆఫీసుది. డిస్కుకు వాళ్లెవరో వేసిన తాళం అలాగే ఉండిపోయింది. తాళంచెవి పాత బోర్డు మీది చిన్న చిప్పులో ఉంది. బోర్డు ఉన్నన్నాళ్లూ డిస్కు దానంతటదే తెరుచుకునేది. ఆ ఆఫీసు ఎప్పుడో మూతపడింది. నంబరు తెలిసినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

సామాన్లవాడి దగ్గరికి పరుగెత్తాడు. "బంగారం తీయడానికి యాసిడ్‌లో వేసేశారు కదా బాస్, నిన్ననే," అన్నాడు వాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

పెట్టె కోసం వచ్చిన భార్యాభర్తలకు బెర్తింగ్ దాచకుండా చెప్పాడు. పాసింగ్‌కు ముందు అర్థం కాలేదు. "మరి వెలుగుతోందిగా?" అంది.

టిక్యోకు అర్థమైంది. అరచేత్తో బల్ల మీద చరిచాడు. పెదాలు తిట్లు తిడుతున్నాయి, మెడలోని రంధ్రం నుంచి గాలి తప్ప మరేమీ రావడం లేదు. ఆయన మొహం చూసి, పాత వేషం కడుతున్నాడనుకుని పక్క కొట్టువాళ్లు పకపకా నవ్వారు. "అదీ మన టిక్యో! మళ్లీ ఒకసారి నోంగ్!" అని అరిచాడొకడు.

పెట్టెను అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. బెర్తింగ్ ఎందరినో అడిగాడు, డిస్కు పట్టుకుని మనీలా కూడా వెళ్లొచ్చాడు. తెరవడం ఎవరి తరమూ కాలేదు.

క్రిస్మస్‌కు ముందే టిక్యో పోయాడు. శవజాగరణ రాత్రి, అక్కడి ఆచారం ప్రకారం, శవం పక్కన బల్లలు వేసుకుని జనం పేకాడుతూ, ఆయన గొంతును అనుకరిస్తూ పోటీలు పడ్డారు. ఒకరిది బొంగురు, ఒకరిది కీచు.

పాసింగ్ కాఫీ తెచ్చి బెర్తింగ్ చేతికిచ్చింది. "వీళ్లలో ఎవరిది దగ్గరగా ఉంది? నాకు సరిగ్గా గుర్తు రావడం లేదయ్యా."

బెర్తింగ్ కూడా ఆ నాటకాలు వింటూ పెరిగినవాడే. గుర్తు తెచ్చుకోబోయాడు. బట్టలు ఉతుకుతూ రేడియోను తిట్టిపోసే వాళ్లమ్మ గొంతు ఒక్కటే చెవుల్లో మోగింది.

"నాకూ రావడం లేదు నాంగ్," అన్నాడు.