లచ్చవ్వ తుపాకీకి లేని ఘోడా

కరోనా సద్దుమణిగిన మరుసటి వానాకాలం. జనగామలో మా తుపాకుల రిపేరు దుకాణానికి అప్పటికే పని పలచబడింది. లైసెన్సు తుపాకులే తక్కువ, పేల్చేవాళ్ళు ఇంకా తక్కువ. మాకు డిపాజిట్ లైసెన్సు కూడా ఉంది. యజమాని చనిపోతే ఇంటివాళ్ళు తుపాకీని మా దగ్గర అప్పగించి రసీదు తీసుకుంటారు. అలా వచ్చినవన్నీ గోడకు ఆనుకుని నిద్రపోతుంటాయి. ముసురు రోజుల్లో తలుపు సగం మూసి వాటి మధ్య కూర్చుంటే, నూనె వాసనకూ చూరు నీళ్ళ చప్పుడుకూ నాకూ ఒక రకమైన మత్తు వస్తుంది. మా ఆవిడ దాన్ని బద్ధకం అంటుంది, అననీ.

అలాంటి ఒక మధ్యాహ్నం లింగాల ఘనపూర్ వైపు పల్లె నుంచి లచ్చవ్వ అనే ముసలామె, ఆమె కూతురు యాదమ్మ ఆటో దిగారు. లచ్చవ్వ భర్త పోయి రెండు నెలలు. ఆయన తుపాకీని పాత చీరలో చుట్టి, ఠాణా కాగితంతో సహా తెచ్చారు.

విప్పి చూశాను. సింగిల్ బ్యారెల్, అంటే ఒకే గొట్టం తుపాకీ. చాలా పాతది. దానికి హ్యామర్ లేదు. ట్రిగ్గర్ నొక్కితే ముందుకు దూకే ముక్క అది. మా దుకాణాల్లో ఘోడా అంటాం. మెడ దగ్గర మొండి మాత్రం మిగిలింది.

"ముందుగాల గిది పెట్టియ్యి కొడుకా. గప్పుడే అప్పజెప్త," అంది లచ్చవ్వ.

"ఇచ్చేసేదానికి రిపేరెందుకే అవ్వా? జర నువ్వన్న చెప్పన్నా, నా మాట ఇంటలేదు," అని యాదమ్మ విసుక్కుంది.

నాకూ అదే అనిపించింది. "అవ్వా, ఇగ దీన్ని పేల్చేటోళ్ళు లేరు. ఎట్లున్నదట్లనే తీసుకుంట," అన్నాను.

"నా చేతుల ఇరిగింది. నేనే బాగుచేయించాలె," అంది ముసలామె. ఆ మాటతో యాదమ్మ కూడా తల తిప్పి చూసింది. ఆమెకూ తెలియదన్నమాట.

దసరాకు ఇంట్లో ఇనుప సామానంతా తుడిచి బొట్లు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. యాదమ్మ కడుపులో ఉన్న ఏడాది, లచ్చవ్వ దూలం మీది తుపాకీ మూట దించుతుంటే చేయి జారి బండల మీద పడిందట. గుడ్డ ఊడింది. చూస్తే ఘోడా లేదు. ఇల్లంతా ఊడ్చి వెతికినా ముక్క దొరకలేదు. భయంతో మళ్ళీ చుట్టి పైన పెట్టేసింది.

"ఆయన ఏమన్లే. ఎన్నడు అడగలే. గా యేడాది సంది మక్కచేన్ల పందులు పడితె మంచె మీద కూసోని డబ్బా కొట్టుడే. సలిల, మంచుల, ముసలోడయ్యేదాంక. నేను ఇరగ్గొట్టబట్టే గద కొడుకా! నేను ఇరగ్గొట్టిన్నని చెప్పకుంట ఒక్కపారి బాగుచేయించరాదంటె, దాని సామాను దొరకది తియ్యి అన్నడు."

ఆమె తుపాకీని నా వైపు జరిపింది. ఇక నేనేం వాదిస్తాను? వారం ఆగి రమ్మన్నాను.

కొత్త ముక్క చేయడం కంటే పాత ముక్క వెతకడమే మా పనిలో సగం. మూలపడ్డ తుపాకుల నుంచి తీసిన ముక్కలను మా బాపు ఒక రేకు పెట్టెలో దాచేవాడు. రెండు రోజులు గెలికాను. దొరకదన్న సామాను దొరికింది! ఆ సంతోషంలో మొండిని కిరోసిన్‌తో తుడుస్తూ కూర్చున్నాను. "ముక్క పెట్టే ముందు గాయం సూడురా," అనేవాడు మా బాపు. విరిగిన ఇనుము విరిగిన బెల్లంగడ్డలా గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. మీద సన్నని గీతలు, అన్నీ ఒకే వాలు. ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు గీతలు.

బయట వాన. నేనెన్నడూ చూడని మనిషి ఒకడు గొంతుక్కూర్చుని ఓపికగా ఇనుము కోస్తున్నట్టు, ఆ చప్పుడు నా దుకాణంలోనే వినిపిస్తున్నట్టు అనిపించింది. చెప్తే లచ్చవ్వ బరువు దిగుతుంది. కానీ పోయినాయన దాచుకున్న గుట్టు బయటపడుతుంది. వారమంతా పరేషానయ్యాను.

వాళ్ళు వచ్చేసరికి మొండిని ఊడదీసి ఘోడా బిగించి ఉంచాను. లచ్చవ్వ దాన్ని తడిమి, "ఇగ నా పాపం పోయింది," అంది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"అవ్వా, నీ చేతుల ఇరగలే. ఎవలో కోసిండ్రు. నువ్వు కింద పడెయ్యకముందే కోసిండ్రు," అని పక్కన పెట్టిన పాత మొండి చూపించి, భూతద్దం ఇచ్చాను.

"ఎవలు కోసిండ్రు?" అంది యాదమ్మ.

లచ్చవ్వ భూతద్దంలోంచి చూసి, మొండి మీది గీతలను వేలితో తడిమింది. "ఆయన తప్ప దాన్ని ఎవలు ముడుతరు," అంది. "గా దసరా ముంగట పందిని కొట్టిండు. సూడిది. కడుపుల పిల్లలున్నయట. రెండొద్దులు బువ్వ ముట్టలే. జరమన్నడు. నువ్వు గప్పుడు నా కడుపుల ఉంటివి బిడ్డా."

తర్వాత ఆమె ఏడ్చిందో నవ్విందో చెప్పలేను. "ఓ ముసలోడా! ఒక్క మాట చెప్తె నీ నోటి ముత్యాలు రాలుతుండెనా! నువ్వు దొంగలెక్క దాస్తివి, నేను దొంగలెక్క దాస్తిని!"

కొంగుతో ముఖం తుడుచుకుని, "తీసెయ్యి కొడుకా గా ముక్క. ఆయన కోసింది నేను పెట్టియ్య," అంది.

తీసేసి పాత మొండినే బిగించాను. రసీదులో తుపాకీ స్థితి రాయాలి. "హ్యామర్ విరిగింది" అని పైకి అనుకుంటూ రాస్తుంటే లచ్చవ్వ నా చేయి పట్టుకుంది. కొట్టేసి "హ్యామర్‌ను యజమానే తీసేశారు" అని రాశాను. ఆమెకు చదువు రాదు. చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.

ముక్క లేని తుపాకీ ఏది వచ్చినా, ఇప్పుడు ముందు ఎట్ల పోయిందని అడుగుతాను. అడగకపోతే మనుషులు ఎన్నేళ్ళు మోస్తారో నేను చూశాను.