రాములమ్మ నోటి తిట్టు

చిన్న మంగళారం ఊళ్లో రాములమ్మ తిట్టు తినని మనిషి లేడు. కోడి గడప ఎక్కినా, బస్సు ఆలస్యమైనా, ఒకటే మాట: "నీకు గత్తర రాను." గత్తరంటే ఏ రోగమో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. వాళ్లవ్వ తిట్టేది, ఈమె తిడుతుంది, అంతే. ఎవరూ కోపం తెచ్చుకునేవారు కాదు. అందరికంటే ఎక్కువ తిన్నది ఆమె పెనిమిటి మైసయ్య.

ఇద్దరూ మొదటి బస్సుకే కొత్తిమీర, పాలకూర, ఉల్లాకు మూటలతో పట్నం పోయి, ఎండ ముదిరేదాకా అంగట్లో అమ్ముకుని వచ్చేవారు. ఈ ఎండాకాలం పట్నంలో నల్లా నీళ్లలో మోరీ మురుగు కలుస్తోందని, జనం వాంతులు, బేదులతో పడుతున్నారని ఆశా వర్కర్ సింధుజ చెప్పిపోదామని వచ్చింది. రాములమ్మ పోనిస్తే కదా! చాయ తాగొచ్చా, చెరుకు రసంలో ఐసు వేస్తే ఏమవుతుంది, పెదవి తగలకుండా ఎత్తి పోసుకుంటే కూడా వస్తుందా అని గుచ్చి గుచ్చి అడిగింది.

"ఎంగిలితోని కాదవ్వా, నీళ్లతోని వస్తది."

ఆనాటి నుంచి రాములమ్మ నీళ్లు కాచి, చల్లార్చి, సీసాకు మూత బిగించి పట్టుకుపోయేది. మైసయ్య చెరుకు బండి వైపు చూస్తే చాలు, తిట్టు అందుకునేది.

"ముట్టుకుంటె ఐసు గత్తర, ముట్టకుంటె నీ నోటి గత్తర. నేనెట్ల బతకాలె రాములు?" అని నవ్వేవాడు.

ఆకుకూర వాడిపోకుండా చల్లే నీళ్లు మాత్రం అంగట్లో మోరీ పక్క నల్లావే. మైసయ్య రొట్టె విప్పి, మూటలోంచి తడి ఉల్లాకు లాగి పచ్చిగానే నంజుకునేవాడు. తాగే నీళ్ల గురించి అన్ని అడిగిన మనిషికి చల్లే నీళ్ల గురించి అడగాలని తోచలేదు.

ఒకనాడు తిరుగు బస్సులోనే అతనికి బేదులు మొదలయ్యాయి. ఇల్లు చేరేసరికి బియ్యం కడిగిన నీళ్లలా పోతోంది. ఎండదెబ్బ అనుకున్నారు. దూపైతోంది, నీళ్లియ్యమంటే, తాగితే ఇంకా పోతుందని రాములమ్మ చెంబు దూరం జరిపింది. సింధుజకు తెలిసి దవాఖానకు చేర్చేసరికి కళ్లు గుంతలు పడ్డాయి, గొంతు పెగలడం లేదు.

ఏం నీళ్లు తాగాడని డాక్టరు అడిగాడు. రాములమ్మ సీసా తీసి చూపించింది. ఏం తిన్నాడని అడిగాడు. ఉల్లాకు దాకా చెప్పి ఆగిపోయింది. డాక్టరు నర్సుతో కలరా అన్నాడు.

"గదేం రోగం బిడ్డా?"

నర్సు మెల్లగా చెప్పింది. "గత్తర అవ్వా."

రెండు చేతులకూ సెలైన్లు ఎక్కుతుండగానే, పొద్దు గూకేసరికి మైసయ్య పోయాడు.

మొన్న ఎవరిదో మేక వాకిట్లోకి వచ్చి ఉల్లాకు గంపలో మూతి పెట్టింది. రాములమ్మ కట్టె ఎత్తింది. "నీకు..." అన్నది. పక్కింటివాళ్లు పని ఆపి చూశారు. నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు. మేక గంప ఖాళీ చేసి, తనంతట తానే పోయింది.