చల్లారని టీ

ఇస్ఫెందియార్ మాస్టారి లెక్కలో బాకూ నగరం మొత్తంలో వేడి టీ అనేదే లేదు. పొగలు కక్కుతున్న గ్లాసు చేతికిచ్చినా ఒక గుక్క తాగి, "చల్లారింది, ఇంకోటి పట్రండి" అనేవారు. మా పాటల్ని ఆర్కెస్ట్రాకెక్కించిన తొలితరం మహానుభావుడని ఇప్పుడాయనకి విగ్రహం కూడా పెట్టారు. ఆ విగ్రహం చేతిలో టీ గ్లాసు లేదు. ఆయన ఆర్కెస్ట్రాలో తార్ అనే తీగల వాద్యం వాయించిన నేను అందుకే దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

రిహార్సల్ మంచి పట్టుమీద ఉండగా చేతులు దించేసేవారు.

"టీ చల్లారింది. లేవండి."

"ఇప్పుడేగా తాగాం మాస్టారూ?"

"అది నిన్నటిదయ్యుంటుంది."

పళ్ళ మధ్య పంచదార బిళ్ళ బిగించి, నజఫ్‌గులు మామ పక్కన చతికిలబడి, గ్లాసులోకి ఏదో కూనిరాగం తీసేవారు. మధ్యలో సుర్రుమని ఓ గుక్క, మళ్ళీ రాగం. మామ పెళ్ళిళ్ళలో కమాంచా ఫిడేలు వాయించి తల నెరిసి, మా ఆర్కెస్ట్రాలో చేరినవాడు. కళ్ళు మూసుకుని కూచునేవాడు.

"మాస్టారి పాటకి మామ నిద్రపోయాడు చూడు" అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇంతలో ఆర్కెస్ట్రాకి కొత్త డైరెక్టరొచ్చాడు. స్వరాలు కాగితంలో చూసి వాయించలేనివాళ్ళు ఇంటికి పోవాలన్నాడు. మామకి ఆ గీతలూ చుక్కలూ ఒక్కటీ తెలీదు. కమాంచా తప్ప మరో బతుకుదెరువూ లేదు.

పరీక్ష రోజు మామ ముందు కాగితం పెట్టారు. మాస్టారు మెల్లగా, "టీ చల్లా..." అన్నారు.

"పరీక్షయ్యాక తాగండి" అన్నాడు డైరెక్టరు.

మామ కాగితం వంక గుడ్లప్పగించి వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. నేను నోరు తెరిచాను. అంతలో పాట మాంచి ఊపులో ఉండగా టక్కున ఆగి, ఓ క్షణమయ్యాక అందుకున్నాడు. కాస్త పోయాక మళ్ళీ అంతే.

అప్పుడు వెలిగింది నాకు. అవి మాస్టారు గుక్క వేసే చోట్లు. ఇన్నాళ్ళూ ఆ గ్లాసులోకి పాడింది మామ వాయించాల్సిన భాగమే.

"ఇక్కడ ఆగమని ఎక్కడుంది?" డైరెక్టరు కాగితం పైకెత్తాడు.

మాస్టారు పెన్సిలు తీసి రెండుచోట్లా విరామం గుర్తు పెట్టారు.

"రాయడం మరిచాను. మామ పట్టేశాడు."

"అయితే ఆర్కెస్ట్రా అంతా ఆగాలా?"

"ఆగాలి మరి. పాట కట్టింది నేనేగా."

మామ కొలువు నిలిచింది, విరామాలూ నిలిచాయి. అవి జాతి గుండెల్లోని నిట్టూర్పులని పండితులు ఉపన్యాసాలిస్తున్నారు. మొన్నొక కుర్ర ఆర్కెస్ట్రా కండక్టరు నా దగ్గరికొచ్చి, భక్తిగా అడిగాడు:

"తాతా, అక్కడ మాస్టారి మనసులో ఏముండేదంటారు?"

"మనసు సంగతి తెలీదు నాయనా. టీ మాత్రం వేడిగానే ఉండేది" అన్నాను.