ఆరో తరగతికి బేరం

మా నాన్నది అనకాపల్లిలో కిరాణా కొట్టు. అక్షరాలకన్నా ముందు నాకు బేరం వచ్చింది. అలాంటిదాన్ని తీసుకొచ్చి అరకు పైన కొండమీది బళ్లో ఏకైక టీచరుగా వేశారు. పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు. బళ్లో తెలుగు పుస్తకం చదువుతారు. చదివినదేమిటని అడిగితే కిటికీలోంచి కాఫీ తోట వైపు చూస్తారు. ఏళ్లవుతున్నా నాకు కువి పట్టుబడలేదు. సాయంత్రం బడి వదిలాక నాతో తెలుగులో కబుర్లు చెప్పేది ఐదో తరగతి గుంట ఒక్కర్తే. తరగతిలో నా పాఠాన్ని మిగతా పిల్లలకు కువిలో అప్పజెప్పేదీ అదే. నేను ఎంతోసేపు చెప్పింది అది రెండు ముక్కల్లో తేల్చేసేది. నా పాఠంలో తరుగెంతో అప్పుడు తెలిసేది.

మా బడి ఐదు వరకే. ఆరుకి లోయలోని ఆశ్రమ పాఠశాలకు వెళ్లి హాస్టల్లో ఉండాలి. ఈ ఊరి ఆడపిల్లల చదువు చాలావరకు ఐదుతోనే ఆగిపోయేది. చెల్లెల్ని ఎత్తుకోవాలి, ఊట నుంచి నీళ్లు తేవాలి, చేలో అమ్మకు చెయ్యందించాలి. ఈ గుంట మాత్రం ఆగకూడదని నా పట్టుదల. అది వెళ్తే నా గతేమిటన్న ఆలోచన లేకపోలేదు. దాన్ని లోపలికి నెట్టేసి, వేసవి సెలవులకు ముందు వాళ్లింటికి వెళ్లాను.

తల్లి అరుగు మీద చేటలో చోళ్లు చెరుగుతోంది. సంతకు సరుకు తెచ్చే మనిషి కాబట్టి తెలుగు వచ్చు.

"అమ్మా, నీ కూతుర్ని ఆరుకి పంపాలి," అన్నాను.

ఆమె చేట ఆపి నా ముఖంలోకి ఒకసారి చూసింది. తలదించి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

మా కొట్లో అలా తల దించుకున్న మనిషికి ధర నచ్చలేదని అర్థం. మనం దిగాలి.

"తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే ఇస్తారు."

చేట చప్పుడు.

"పండక్కి నేనే వెళ్లి తీసుకొస్తాను."

చేట చప్పుడు. గుంట గుమ్మంలో చెల్లెలికి తల దువ్వుతూ నోరు మెదపదు.

"ఆదివారాలు నా ఫోన్లో మాట్లాడిస్తాను."

చివరికి, కొట్టు కట్టేసే వేళ సరుకు వదిలించుకునేవాడిలా, "చిన్నదాన్ని రోజూ బళ్లో నా దగ్గరే ఉంచుకుంటాను. నువ్వు నిశ్చింతగా చేనికి పో," అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది.

"అప్పుడే ఒప్పుకున్నాను కదేటి టీచరమ్మా! మళ్లీ మళ్లీ ఎందుకు సెప్తన్నావో తెలీక వింటన్నాను. చిన్నదాన్ని సూత్తానన్నావు, అదీ బాగున్నాది."

ఆ ఊళ్లో ఒప్పుకోవడమంటే అంతే. మాట నచ్చితే మనిషి తన పనిలో పడిపోతాడు. నచ్చకపోతేనే నోరు విప్పుతాడు. బేరం ముగిశాక కూడా ధర తగ్గిస్తూ పోయిన కొట్టువాళ్లలో మా వంశంలో నేనే మొదటిదాన్ని.

నన్ను సాగనంపడానికి వచ్చిన గుంటను దారిలో నిలదీశాను. "మీ అమ్మ ఒప్పుకుందని నీకు తెలుసు కదే! ఒక్క సైగ చెయ్యకూడదా?"

"మీరు ఇస్తన్నారు కదా టీచర్. మద్దిలో నానెందుకు అడ్డం?" అంది.

మా నాన్న చూస్తే దీన్ని తీసుకెళ్లి గల్లా దగ్గర కూర్చోబెట్టేవాడు.

జూన్ వానలో గుంట రేకుపెట్టె ఒళ్లో పెట్టుకుని జీపులో వెళ్లిపోయింది. చెయ్యి ఊపుతుందేమోనని నిలబడ్డాను. పక్క సీటువాళ్లతో అప్పుడే కబుర్లలో పడింది.

పిల్లలు ఎంతవరకు చదవగలరో పరీక్షించి ఆ మార్కులు పైకి పంపేసరికి మా బడి జాబితాలో అట్టడుగుకి జారింది. సమావేశంలో అధికారి, "నిరుడు బాగానే ఉన్నారు కదమ్మా, ఏమైంది?" అన్నారు. "మంచి సరుకు ముందే పోయింది సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. సాయంత్రాలు చిన్నదాన్ని ఇంటి దగ్గర దింపి వచ్చాక నాతో నేనే బేరమాడుకునేదాన్ని: ఇంకో గ్లాసు టీ పెట్టుకుంటే ఇంకాస్త పొద్దు గడుస్తుంది, అలా.

మాట ప్రకారం ఆదివారం తల్లినీ చిన్నదాన్నీ వెంటబెట్టుకుని, సిగ్నల్ అందే బండ ఎక్కాను. గుంటతో ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను. ఫోను మోగింది.

"టీచర్, బాగున్నారా? మాయమ్మకియ్యండి, బేగి. నా ఎనక లైన్లో శానామంది ఉన్నారు."

స్పీకరు పెట్టి పట్టుకున్నాను. ముగ్గురూ కువిలో అందుకున్నారు. చిన్నది గెంతుతోంది, తల్లి పడిపడి నవ్వుతోంది. మధ్యలో 'టీచరమ్మ' అన్న మాట వినిపించింది. మళ్లీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏమన్నారో నాకు చెప్పాల్సిన మనిషి ఫోనుకి అవతల ఉంది. అది కాస్తా పెట్టేసింది.

"ఏమంది?" అని తల్లిని అడిగాను.

"ఏటీ నేదు. బాగున్నాదట," అంటూ ఆమె చిన్నదాన్ని చంకనెత్తుకుని బండ దిగడం మొదలుపెట్టింది.