గంట మోగిన మధ్యాహ్నం

ఇన్నేళ్ళుగా ఒక్క మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్లో చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. రేపు ఎదురుపడినా తల దించుకునే పని ఉండదు. ఇదీ పిరికితనమే. తెలుసు.

మాది భీమవరం దగ్గర పల్లె. వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా భార్య తమ్ముడు ప్రసాద్ ఎలక్ట్రానిక్స్ చదివి, తొంభైల చివర్లో పాలకొల్లులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టాడు. వాడు చేసింది ఒక పెట్టె. దాని కడ్డీ చెరువు నీళ్ళలో ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే ఇంట్లో గంట మోగుతుంది. వెంటనే వెళ్ళి, నీళ్ళను చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పితే రొయ్య బతుకుతుంది.

మా చుట్టాలూ, చుట్టుపక్కల రైతులూ కొందరు అందులో వాటాలు పెట్టారు. నా భార్య పోరు పడలేక నేనూ పెట్టాను. కానీ నమ్మలేదు. "నీళ్ళ రంగు చూస్తే తెలిసేదానికి కరెంటు పెట్టెందుకురా?" అని పదిమందిలో నవ్వేవాణ్ణి. నాతోపాటు అందరూ నవ్వేవారు. రొయ్యల సంగతిలో నా మాటకు అంత విలువ. నవ్వి నవ్వి చివరికి వాళ్ళకూ భయం పట్టుకుంది. మరికొంత పెట్టుబడి కావాలని ప్రసాద్ అడిగినప్పుడు, ముందు మీ బావగారి చెరువులో ఒక పంట చూద్దాం, ఆయన బాగుందంటే ఇస్తాం అన్నారు. వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. నేను సొంతవాణ్ణి కదా అని వాడి ధైర్యం.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఆకు కదలడం లేదు. నా భార్య పుట్టింట్లో ఉంది. కాపలా మనిషి జ్వరమని రాలేదు. అన్నం తిని నడుం వాల్చాను. గంట మోగింది.

లేవలేదు. పొద్దున్నే గట్టంతా తిరిగి వచ్చాను, నీళ్ళు బాగానే ఉన్నాయి. నా కంటికి బాగానే ఉన్నాయి. గంట ఆగడం లేదు. అప్పుడు లేచాను. చెరువు వైపు వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళి గంట వైరు పీకేశాను. పీకుతున్నప్పుడు నాకేమనిపించిందో ఇన్నాళ్ళూ నాకు నేనే ఒప్పుకోలేదు. సంతోషం. ఊరికే మోగే గంట ఇది, నేను ముందే చెప్పలేదా అన్న సంతోషం. హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం వెళ్ళేసరికి చెరువు నిండా రొయ్యలు చచ్చి తేలి ఉన్నాయి. ఏరేటర్లు తిప్పాను. అప్పుడు తిప్పి ఏం లాభం? ఇంటికి వచ్చి ముందుగా చేసిన పని, ఆ వైరు మళ్ళీ తగిలించడం.

మర్నాడు వాటాదారులందరూ గట్టు మీదికి వచ్చారు. ప్రసాద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావగారూ, గంట మోగలేదాండీ?"

"మోగితే పడుకుని ఉంటానేంట్రా?"

"ఒక్కసారైనా? మీరు పెరట్లో ఉన్నప్పుడుగానీ..."

"ఇంట్లోనే ఉన్నాను. మోగలేదని చెబుతున్నానుగా!"

వాడు నన్ను అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది. "తప్పు నాదేనండి, మీ పంట పోగొట్టాను" అన్నాడు. అందరి ముందూ, నా చేతులు పట్టుకుని.

ఆ ఏడు తిరక్కుండానే కంపెనీ మూతపడింది. వాడు మాత్రం నెలల తరబడి ఆ పెట్టె విప్పుతూ, బిగిస్తూ, ఆక్సిజన్ పోయేలా కాచి చల్లార్చిన బకెట్ నీళ్ళలో కడ్డీ ముంచి చూస్తూ ఉండేవాడు. ప్రతిసారీ మోగేది. ఇక్కడ మోగేది అక్కడెందుకు మోగలేదని జుట్టు పీక్కునేవాడు. "ఇంక వదిలెయ్యరా, నీవల్ల కాదు" అని వాళ్ళక్క చెప్పింది. నా మాట నమ్మే చెప్పింది. వాడు వదిలేశాడు. ఇప్పుడు రాజమండ్రిలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. మళ్ళీ కొత్తది ఏదీ చెయ్యలేదు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ అబద్ధం నన్ను పెద్దమనిషిని చేసింది. ఎవడు కొత్త వ్యాపారం మొదలుపెట్టినా డబ్బు పెట్టేవాళ్ళు ముందు నా అరుగెక్కుతారు. "ఆయ్, ఆ పెట్టె సంగతి మీరు ముందే చెప్పారండి" అంటారు. నోరు మూసుకోండి అని అరవాలనిపిస్తుంది. అరవను. కాఫీ ఇప్పిస్తాను. అలా వచ్చినవాళ్ళకు వద్దని చెప్పి ఎందరి పని మొదట్లోనే ఆపేశానో! వాటిలో ఎన్ని నిజంగా పనికిరానివి? నాకేం తెలుసని చెప్పాను?

ఈమధ్య వేరే ఊరివాళ్ళు చేసిన అలాంటి పెట్టెలే మా చెరువుల మీద కనిపిస్తున్నాయి. మొన్న భోజనానికి వచ్చినప్పుడు ప్రసాద్ అన్నాడు, "ఒకటి కొని విప్పి చూశానండి బావగారూ. మన దానికీ దానికీ పెద్ద తేడా లేదండి. మరి నేనెక్కడ తప్పు చేశానో ఇప్పటికీ అంతుపట్టట్లేదు."

నా భార్య వడ్డిస్తోంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? నేను మజ్జిగ అడిగాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెట్టెలో లోపం లేదు. గంట మోగింది. నేను విన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, పోగొట్టుకున్నది మీరు కాదు. వాడితో చెబుతానా? చెబుతానని రాసి కొట్టేశాను, ఇంకో అబద్ధం ఎందుకని. ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలిసిన సంగతి ఇప్పుడు మీకూ తెలుసు. అంతవరకు కాస్త తేలిగ్గా ఉంది.