ఏప్రన్ జేబులో మౌస్

మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లు తొమ్మిదిమంది. వాళ్లు రాసినదాన్ని ఊరివాళ్ల కంప్యూటర్లలో సరిగ్గా దించే మనిషి మాత్రం ఒక్కరే. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు తీసివేతల అక్క. కొత్త వెర్షన్ పూర్తయిందని అందరం చప్పట్లు కొట్టుకుంటుంటే, "బాగానే ఉంది. దీన్ని తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగే నోరు అదొక్కటే. పెళ్లిపందిట్లో విడాకుల మాట ఎత్తినట్టు ఉండేది. మా టీమ్ లీడర్ మొహం మాడిపోయేది.

అక్కకి యాభై దాటాయి. కళ్లజోడు దారానికి వేలాడుతూ ఉంటుంది. ఆవిడ గది మా హాలు చివర, జిరాక్స్ మెషీన్ పక్కన. అందులో ఐదు పాత కంప్యూటర్లు, ఒక్కొక్క దాంట్లో ఒక్కో కాలం నాటి విండోస్. కొత్త ఇన్‌స్టాలర్ తయారైతే ఐదింటిలోనూ వేస్తుంది, తీస్తుంది, పాతదాని మీద కొత్తది వేస్తుంది, మధ్యలో కావాలని ఆపేస్తుంది. తీసేశాక ఎక్కడైనా ఒక్క ఖాళీ ఫోల్డర్ మిగిలినా ఆ పూట ఆవిడకి అన్నం సయించదు. ఇంత చేసి ఆవిడ పని బాగా జరిగితే ఎవరికీ కనిపించదు. చెడితేనే కనిపిస్తుంది.

ఇంట్లోనూ అంతే. అక్కవాళ్ల అత్తగారు ఒకసారి అడిగారట, "నువ్వూ ప్రోగ్రాములు రాస్తావుటే?" అని. "లేదత్తయ్యా, వాళ్లు రాసినవి జనాల కంప్యూటర్లలో దించుతాను, పాతవి ఎత్తేస్తాను." "అంటే ఇల్లు మారేటప్పుడు సామాను దించేవాళ్ల పనన్నమాట!" అక్క ఈ మాట మాకు చెప్పి పడీ పడీ నవ్వింది. తన పనిని అంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేదంది. లెక్కల మాస్టారైన వాళ్లాయన మాత్రం, "ఇరవై ఏళ్లుగా చెబుతోందయ్యా, నాలో ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు" అంటుంటాడు.

ఇక నా సంగతి. నేను టెస్టర్‌ని. అక్క చేసింది సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టేవాణ్ణి. ఏడో వెర్షన్ వచ్చినప్పుడు నేను నాలుగు, ఐదు, ఆరు మీద వేసి చూశాను. "రెండూ మూడూ కూడా చూడు బాబూ" అంది అక్క. "వాటినింకా ఎవరు వాడుతున్నారక్కా, మ్యూజియం వాళ్లా?" అని నవ్వి సంతకం పెట్టేశాను. ఆ మర్నాటి నుంచి వారంపాటు, వాళ్ల అత్తగారికి కంటి ఆపరేషన్ అయి అక్క సెలవులో ఉంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఏడో వెర్షన్ అందరికీ వెళ్లిపోయింది.

మా కంపెనీ ప్రోగ్రామ్ బూట్లు కుట్టేవాళ్ల కోసం. మామూలు బూట్లు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి, మడమ వంకర తిరిగినవాళ్లకి, పాదాల్లో పుండ్లు మానని షుగర్ రోగులకి కొలతపెట్టి చేసే బూట్లు. గాజు పలక మీద పాదం మోపితే కొలతలన్నీ ప్రోగ్రామ్‌లోకి వస్తాయి.

కొత్త వెర్షన్ వెళ్లిన పదో రోజు పొద్దున్నే అక్క బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడ స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, నేను బూట్ల కొట్టు బాబాయిని. జ్ఞాపకం ఉన్నానా?"

"అయ్యో, మిమ్మల్ని మర్చిపోతానా బాబాయిగారూ! చెప్పండి."

"మీవాళ్లు పంపిన కొత్తది వేస్తుంటే సగంలో ఆగిపోయిందమ్మా. తెర మీద ఓ డబ్బా వచ్చి కూర్చుంది. ఏదో ఫైల్ వాడకంలో ఉందట. కింద మూడు బటన్లున్నాయి. మీ హెల్ప్ డెస్క్ వాళ్లు మధ్యలో ఉన్న ఇగ్నోర్ నొక్కమన్నారు. నాకెందుకో చెయ్యి ఆడలేదు. నిన్నొక మాట అడిగి నొక్కుదామని."

"ఇప్పుడు మీ దాంట్లో ఉన్నది ఎన్నో వెర్షన్?"

"నువ్వు వచ్చి వేసిపోయిందే. ఆ తర్వాత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

అక్క వేసింది రెండో వెర్షన్. పదకొండేళ్ల కిందట. నేను చూడకుండా వదిలేసింది.

"బాబాయిగారూ, మౌస్ మీంచి చెయ్యి తీసెయ్యండి" అంది అక్క, చాలా నెమ్మదిగా. "నేను మళ్లీ ఫోన్ చేసేదాకా ఏదీ నొక్కద్దు. ఎవరొచ్చి చెప్పినా సరే. మెషీన్ ఆపద్దు."

"అలాగే తల్లీ" అన్నాడాయన. ఎందుకని అడగలేదు.

ఫోన్ పెట్టేసి అక్క రెండో వెర్షన్ నాటి ఫైళ్లు తెరిచింది. పాతదాని మీద కొత్తది వేస్తున్నప్పుడు, పాతదాన్ని తీసే పని కొత్తది చెయ్యదు. పాతది వెళ్లేటప్పుడు ఏమేం తీసెయ్యాలో అదే రాసి ఉంచుకుంటుంది, విండోస్ ఆ రాత ప్రకారం తీస్తుంది. ఆ రాతలో ఒక వరుస దగ్గర అక్క వేలు ఆగింది. ఈ ఫోల్డర్లో ఉన్నవన్నీ తీసెయ్యి. పక్కనే తేదీ, అక్క పేరు.

ఆ రోజుల్లో కొలతలు కూడా అదే ఫోల్డర్లో ఉండేవి. మూడో వెర్షన్‌లో ముందు వాటిని వేరే చోటికి మార్చి, ఆ తర్వాతే రెండోదాన్ని తీసేలా చేశారు, ఏడో దాంట్లో ఆ మార్చే పని లేదు. ఒక్కో మెట్టూ ఎక్కివచ్చినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. రెండు మీంచి ఒకేసారి ఏడుకి దూకినవాడు మాత్రం పదకొండేళ్ల కొలతలు పోగొట్టుకుంటాడు. ఆ వరుసని ఇప్పుడు మా ఆఫీసులో దిద్ది లాభం లేదు. అది బాబాయి కంప్యూటర్లో ఉంది.

"పోయాయా అక్కా?" అన్నాను.

"ఇంకా పోలేదు. విండోస్ తీసేసిన ప్రతి ఫైలునీ ఒక మూల దాచి ఉంచుతుంది. పనంతా అయ్యాకే పారేస్తుంది. ఆ డబ్బా అలా నిలబడి ఉన్నంతసేపూ అవి అక్కడే ఉంటాయి. ఇగ్నోర్ నొక్కితే పని ముందుకెళ్లి పూర్తవుతుంది, అన్నీ పారేస్తుంది. కాన్సిల్ నొక్కితే వెనక్కి తిరిగి ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. పెట్టాలి."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు.

ఈలోగా టీమ్ లీడర్ వచ్చాడు. "ఇగ్నోర్ నొక్కమంటే సరిపోయేది కదక్కా! ఆరుగురు నొక్కారు, ఏం కాలేదు."

"ఆ ఆరుగురివీ కొత్తవి నాయనా. ఈయనది రెండోది."

"ముందు బ్యాకప్ తీసుకోమని మొదటి పేజీలోనే రాశాం. చదవకపోతే తప్పు మనది ఎలా అవుతుంది?"

నాకు ఒళ్లు మండింది. మండే హక్కు నాకు లేదని కూడా తెలుసు, మ్యూజియం అన్నవాణ్ణి నేనే. అక్క మాత్రం ఆయనతో వాదన పెట్టుకోలేదు. తిన్నగా హెల్ప్ డెస్క్ దగ్గరికి వెళ్లి, అక్కడ గోడకి అంటించిన కాగితం మీద ఇగ్నోర్ అన్న మాట కొట్టేసి, 'ముందు వెర్షన్ అడగండి, తర్వాత నన్ను పిలవండి' అని రాసి వచ్చింది.

తర్వాత బీరువాలోంచి రెండో వెర్షన్ డిస్కు తీసింది. ఐదింటిలో అన్నిటికన్నా పాత కంప్యూటర్లో వేసి, ఉత్తుత్తి కొలతలు నింపి, మీద ఏడో వెర్షన్ పెట్టింది. డబ్బా రాలేదు. పని గబగబా పూర్తయి, కొలతల ఫోల్డర్ ఖాళీ అయింది. మళ్లీ మొదట్నుంచి. రెండోసారీ డబ్బా రాలేదు. బాబాయి కొట్టులో గాజు పలకని చదివే చిన్న ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూ ఉంటుందని అక్కకి అప్పుడు తట్టింది. దాన్ని నడుపుతూ వేస్తే డబ్బా వచ్చి నిలబడింది. కాన్సిల్ నొక్కింది. ముందుకు నిండుతూ వచ్చిన పచ్చగీత ఆగి వెనక్కి తరగడం మొదలుపెట్టింది. ఫోల్డర్ తెరిస్తే కొలతలన్నీ ఉన్నాయి.

"హమ్మయ్య! ఇక ఫోన్ చేసి కాన్సిల్ నొక్కమనక్కా."

"లేదు, వెళ్దాం." ఆవిడ అప్పటికే సంచి సర్దుతోంది. "ఇక్కడ తిరిగొచ్చాయని అక్కడా వస్తాయని నేను ఫోన్లో ఎలా చెప్పను? దాచినవాటికి ఇంకో కాపీ తీసుకుని అప్పుడు నొక్కాలి."

బస్సులో సగం దూరం వెళ్లాక ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. పదకొండేళ్ల కిందట ఆ కొట్టుకి వెళ్లినప్పుడు అటకనిండా నోటుబుక్కులు ఉన్నాయట. ప్రతి పేజీలో ఒక పాదం గీత, పక్కన అంకెలు. బాబాయి, ఆయన కూతురు రెండు నెలలు కూర్చుని అవన్నీ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించారు. "ఇక ఇవి దాచక్కర్లేదు బాబాయిగారూ, అన్నీ ఇందులోనే ఉంటాయి అన్నాను. అన్న వారంలోనే పాత కాగితాలవాడికి వేసేశాడు. నా మాట మీద."

"మళ్లీ కొలుచుకోవచ్చు కదక్కా" అన్నాను, తప్పు మాట అని తెలిసీ.

"పాదం కొలవచ్చు. ఎక్కడ నొప్పి పెడుతుందో పలక చెప్పదు. ఒక్కొక్కరికీ రెండు మూడు జతలు కుట్టి, అవి తొడుక్కుని నడిచి ఏడ్చి వెనక్కి తెస్తే, అప్పుడు ఆయనకి ఆ అంకె దొరికింది. ఎనిమిది వందల నలభైమంది నడక బాబూ అది."

కొట్టు ఒక సందు మలుపులో ఉంది. తలుపు తియ్యగానే తోలు వాసన, జిగురు వాసన. ఆయన కూతురు కుట్టుమిషను దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది. ఆయన బావమరిది కంప్యూటర్ బల్ల ముందు పచార్లు చేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే అందుకున్నాడు.

"రండి, మీరైనా చెప్పండి. ఒక్కసారి ఆపి ఆన్ చేస్తే చాలని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను. నాకూ ఇంట్లో కంప్యూటరుంది. ఈయన వింటేనా!"

బాబాయి స్టూలు మీద కూర్చుని ఒక పిల్లబూటు అడుగుని గీకుతున్నాడు. తెర మీద డబ్బా అలాగే ఉంది. కీబోర్డ్ మీద ఒక బూట్ల పెట్టె బోర్లించి ఉంది. మౌస్ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

"మౌసేది బాబాయిగారూ?"

ఆయన తోలు ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి, తోకతో సహా బయటికి తీశాడు. "వీళ్లెవరైనా నొక్కేస్తారేమోనని పీకి దగ్గర పెట్టుకున్నానమ్మా."

నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. మౌస్ తగిలించి, విండోస్ దాచిన మూల ఎక్కడుందో వెతికి, అర్థంపర్థం లేని పేర్లతో ఉన్న ఆ ఫైళ్లన్నిటినీ సంచిలోంచి తీసిన చిన్న డిస్కులోకి కాపీ చేసింది. రెండుసార్లు లెక్క చూసింది. అప్పుడు డబ్బా మీదికి బాణం తెచ్చింది.

"కాన్సిలా?" అన్నాడు బావమరిది. "ఇంతసేపు ఆగింది మానుకోడానికా!"

అక్క నొక్కింది. పచ్చగీత ఒక క్షణం కదల్లేదు. తర్వాత అది వెనక్కి, చిన్నచిన్న ముక్కలుగా, తరుగుతూ పోయింది. మా గదిలో రెండు నిమిషాల్లో అయింది ఇక్కడ పదిహేను పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ బాబాయి బూటు గీకుతూనే ఉన్నాడు. కూతురు మాత్రం మిషను వదిలి వచ్చి అక్క కుర్చీ వెనక నిలబడింది.

అక్క పాత ప్రోగ్రామ్ తెరిచింది. "ఎవరి పాదమైనా చెప్పండి."

"బడి టీచరమ్మ" అన్నాడాయన తలెత్తకుండా. "ఎడం మడమ కింద రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, చిటికెన వేలి పక్కన కుట్టు ఉండకూడదు."

పేజీ తెరుచుకుంది. ఎడం మడమ, రెండు మిల్లీమీటర్లు. చిటికెన వేలు, కుట్టు వద్దు. కూతురు "అబ్బ!" అని అక్క భుజం పట్టుకుంది. బావమరిది టీ తెస్తానని బయటికి జారుకున్నాడు.

అక్క కుర్చీ బాబాయి వైపు తిప్పింది. ఆవిణ్ణి తప్పు ఒప్పుకోనిద్దామా, వద్దా అని నేను అనుకునేలోపే చెప్పేసింది.

"మీ కొలతలన్నీ తీసెయ్యమని అందులో రాసింది నేనే బాబాయిగారూ. పదకొండేళ్ల కిందట. ఆ రోజు నోటుబుక్కులు అక్కర్లేదని చెప్పిందీ నేనే. ఇవాళ మీరు ఆ ఇగ్నోర్ నొక్కి ఉంటే ఒక్క పాదం కూడా మిగిలేది కాదు."

"నేను చూడకుండానే సంతకం పెట్టానండీ" అన్నాను నేనూ. ఆవిడొక్కర్తినీ అలా నిలబెట్టి చూడటం నావల్ల కాలేదు.

బాబాయి బూటు పక్కన పెట్టి అక్క కేసి తిరిగాడు.

"ఇంకెప్పుడూ నా మాట అంతగా నమ్మద్దు" అంది అక్క. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుస్తోంది.

"పొద్దున్న ఎనిమిదింటికి నొక్కద్దన్నావు" అన్నాడాయన. "ఎందుకని అడగలేదు. మీ ఆఫీసువాళ్లు నొక్కమన్నారు, మా బావమరిది ఆపి ఆన్ చెయ్యమన్నాడు, అమ్మాయి కోప్పడింది. ఐదు గంటలు మౌస్ జేబులో వేసుకు కూర్చున్నాను. నిన్ను నమ్మబట్టే కదమ్మా అవి మిగిలాయి. ఇప్పుడు నమ్మద్దంటే ఎలా?"

అక్క కళ్లజోడు పెట్టుకుని, బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన ప్రింటర్ని బయటికి లాగింది.

"కాగితాలున్నాయా బాబాయిగారూ?"

ఆయన కూతురు లోపల్నుంచి రెండు కట్టలు తెచ్చింది. కొత్త వెర్షన్ ఊసెత్తకుండా, సాయంత్రందాకా అక్క ఎనిమిది వందల నలభై పాదాలూ ఒక్కొక్కటే కాగితం మీదికి దించుతూ కూర్చుంది. నేను వరుసగా పేర్చి, అటక ఎక్కి పెట్టాను.